గూఢత లేని గూఢచారి

ఉప్పలు, నాచారము అను పేర్లు వినగానే హైదరాబాదు వాసులకు యంత్రశాలలు, వరంగల్లు రహదారి, క్రికెట్టు మైదానము, మెట్రో రైలు ముందుగా జ్ఞప్తికి వచ్చును. నగరమునకు తూర్పుననున్న యీ ప్రాంతమునకు మరియొక విశేషము గలదు. గూఢచారి కథలను గురించి యోచింపదలచినవారికి మిక్కిలి పనికివచ్చు రెండు స్థలములు ఇచట నొండొంటికి చేరువలోనే యున్నవి. ఒకటి, నందమూరి తారకరామారావుగారు 1970వ దశకమున నాచారములో నెలకొల్పిన రామకృష్ణా స్టూడియో. రెండవది, ఉప్పలులోని భారత సర్వేక్షణ శాఖవారి శిక్షణాలయము. మొదటిది కల్పనకు నిలయము. రెండవది కొలతలకును పటములకును నిలయము. ఈ రెండింటిని పక్కపక్కన నుంచి చూచినచో, 2025వ సంవత్సరమున విడుదలయి యనేకులను నిరాశపరచిన యొక గూఢచారి చిత్రమున లోప మెచ్చట నున్నదో తేటపడగలదు.

ఆ చిత్రము "వార్ 2". ముంబయిలోని యశ్ రాజ్ ఫిలిమ్స్ వారు నిర్మింపగా, అయాన్ ముఖర్జీ దర్శకత్వము వహించెను. హృతిక్ రోషన్‌తో సమానమైన పాత్రలో, నాచారపు స్టూడియో స్థాపించిన రామారావుగారి పౌత్రుడు, అదే పేరుగల తారకరామారావు నటించెను. హిందీ చిత్రసీమలో నాయకస్థానమున నాతని ప్రవేశ మిదియే. కావున తెలుగునాట దీనిని పరాయి చిత్రముగా నెవ్వరును చూడలేదు. 2025 ఆగస్టు 10న యూసుఫ్‌గూడలో జరిగిన సభకు అభిమానులు తండోపతండములుగ వచ్చిరి. 14వ తేదీన, స్వాతంత్ర్యదినమునకు ముందునాడు, చిత్రము తెలుగు మాటలతో గూడ విడుదలయ్యెను. మొదటి దినములలోని కోలాహలము అనతికాలముననే చల్లారినది. పెట్టిన మూలధనమునకును పెంచిన యాశలకును తగిన ఫలము లభింపలేదు.

ఈ చిత్ర మొంటిగా వచ్చినది కాదు. 2012 ఆగస్టు 15న "ఏక్ థా టైగర్"తో మొదలిడిన గూఢచారి చిత్రమాలలో నిది యారవది. 2017లో "టైగర్ జిందా హై", 2019 అక్టోబరు 2న "వార్", 2023 జనవరిలో "పఠాన్", ఆ యేటనే దీపావళికి "టైగర్ 3" వచ్చినవి. మొదట విడివిడిగా నడచిన కథలను "పఠాన్" నాటికి ఒక్క కుటుంబముగా కలిపిరి. ఒక చిత్రములోని వీరుడు వేరొక చిత్రమున క్షణకాలము కనిపించి చప్పట్లు కొట్టించుకొని పోవుట యాచారమయ్యెను. వ్యాపారమున కిది మంచి యుపాయమే. కాని కథ కొక హాని యిందు పొంచియున్నది. రాబోవు చిత్రమున మరల కనిపింపవలసినవాడు ఈ చిత్రమున చావడని ప్రేక్షకునకు ముందే తెలియును. ప్రాణభయము లేనివాని సాహసము సాహసమెట్లగును?

నటుల శ్రమను మేము తక్కువచేయుట లేదు. ఇరువురును పోరాటములందును నృత్యమునందును ప్రసిద్ధిగాంచినవారే. ఇరువురును తమ పని తాము చేసిరి. సుమారు మూడు గంటల నిడివియే దోషమని కొంద రనిరి. అదియు సరికాదు. పెద్ద రామారావుగారు 1977లో స్వీయదర్శకత్వమున విడుదల చేసిన "దానవీరశూరకర్ణ" నాలుగు గంటలకు దగ్గరగా నడచును. కొండవీటి వేంకటకవిగారి సంభాషణలకై జనులు కదలక మెదలక కూర్చుండి చూచిరి, నేటికిని చూచుచున్నారు. చెప్పవలసిన దున్నచో కాల మెక్కువైనట్లు తోపదు. కావున నసలు కారణమును వేరుచోట వెదకవలెను.

2019 నాటి "వార్" చిత్రమునందును పోరాటములకు కొదువ లేదు. అయినను దాని నడుమ నొక రహస్యము గలదు. మనము నమ్మిన యువకుడు నిజముగ వాడు కాడనియు, శత్రువొకడు శస్త్రచికిత్సచే వాని ముఖమును ధరించి వచ్చెననియు చివర తెలియును. ఇది సంభవమా యని శంకించుట వేరుమాట. చిత్రము ముగిసి యింటికి పోవుచు ప్రేక్షకుడు వెనుకటి సన్నివేశములను మనసులో తిరుగవేసికొని, "అప్పుడే గ్రహింపవలసినది గదా!" యని తన్ను తాను నిందించుకొనుట కవకాశమిచ్చినది. గూఢచారి కథ యొక్క రుచి యంతయు నా నిందయందే యున్నది.

"వార్ 2" కథకును మంచి బీజమే దొరకినది. కబీరు దేశద్రోహియని లోకమునకు తోచునట్లు శత్రుకూటమున ప్రవేశించును. ఆ కూటమి విశ్వాసమును సంపాదించుటకు తండ్రివంటి గురువగు లూథ్రాను తన చేతులతోనే చంపవలసివచ్చును. వానిని పట్టుటకు విక్రమ్ అను నధికారి నియోగింపబడును. ఆ యిరువురును బాల్యమిత్రులని పిదప వెల్లడియగును. లూథ్రా కుమార్తె కావ్యయు వాయుసేనాధికారిణిగ నీ కథలోనే యున్నది. గురుహత్య చేసినవాడు ఆ గురువు బిడ్డ కన్నులలోనికి ఎట్లు చూడగలడు? నిజము చెప్పిన కార్యము చెడును. చెప్పకున్న మనస్సు నలుగును. రచయితకు దీనికంటె గొప్ప సందర్భము కావలెనా? అయినను బీజమునకు నీరు పోయుట మాని, దానిచుట్టు బాణసంచా కాల్చిరి. హృదయము నిలువవలసినచోట కార్లు పరుగెత్తును. మాట పలుకవలసినచోట తుపాకులు పలుకును. నేలపై, నీటిపై, రైలుపై, విమానముపై పోరాటములు వరుసగ జరుగును. అందు పెక్కులు యంత్రగణకముచే కల్పించినవని చూపరులకు తెలిసిపోవుచుండును. దేశములు మారును గాని యపాయము మారదు.

ఇందొక విడ్డూరము గలదు. గూఢచారి పేరును, ఇల్లును, బంధువులను విడిచి, గుర్తు తెలియని నీడగ బ్రదుకునని చిత్రమందే ప్రతిజ్ఞ చేయింతురు. అట్టి నీడను చిత్రమంతట దివిటీల వెలుగులో నిలువబెట్టుదురు! వాడు ప్రవేశించినప్పుడెల్ల వాద్యములు మ్రోగును. వాడు నడచిపోవుచుండగ వెనుక మంటలు లేచును. ఊరంతయు వెలివేసి చూచునట్టివాడు గూఢచారి యెట్లగును?

ఇప్పుడు నాచారము విడిచి ఉప్పలునకు పోవుదము. అచ్చటి శిక్షణాలయము భారత సర్వేక్షణ శాఖకు చెందినది. 1767లో స్థాపింపబడిన యా శాఖ చరిత్రమున, ఏ చిత్రరచయితయు కల్పింపజాలని గూఢచర్య మొకటి గలదు. పందొమ్మిదవ శతాబ్దమున పరదేశీయులు టిబెట్టులో నడుగుపెట్టుటకు వీలులేకుండెను. ఆ దేశమునకు సరియైన పటము లేదు. అప్పుడు కుమావూ కొండప్రాంతమువాడగు నైన్ సింగు అను నుపాధ్యాయుని సర్వేక్షణ శాఖవారు ఎన్నుకొని శిక్షణ యిచ్చిరి. ఎక్కుచున్నను దిగుచున్నను అడుగు దూరము మారకుండ నడచుట ఆతడు నేర్చుకొన్న మొదటి విద్య. జపమాలలో నూటయెనిమిది పూసలుండవలసియుండగ నాతని మాలలో నూరే యుండెను. నూరడుగులకు ఒక పూస జారవిడుచును. మాల యొకసారి తిరిగిన పదివేల యడుగు లన్నమాట. ప్రార్థనచక్రములో మంత్రపత్రమునకు బదులు కొలతల చీటీలు దాచుకొనెను. గవ్వలలో పాదరసము దాచెను. నీరు మరుగు వేడిమిని కొలిచి దానినిబట్టి యెత్తును లెక్కకట్టెను. ఇట్లు యాత్రికుని వేషమున 1866 జనవరిలో లాసా చేరెను. 1877లో లండనులోని రాజకీయ భూగోళ సంఘమువారు ఆతనికి సువర్ణపతక మిచ్చిరి.

ఆతడు పనిచేసినది పరప్రభుత్వమునకే యని చదువరు లాక్షేపింపవచ్చును. ఆ యాక్షేపణ న్యాయమైనదే. కాని యిచట మేము చూపదలచినది వేరు. ఆ మాలలో పూస లెన్నియో యొక్క బాటసారి లెక్కపెట్టియున్న నాతని ప్రాణము పోయెడిది. ఎనిమిది పూసల తక్కువలో నున్న భయమును ఎనిమిది విమానములు పేల్చియు పుట్టింపజాలరు. ప్రేక్షకునకు తెలిసి, శత్రువునకు తెలియని చిన్న వస్తువొకటి చాలును. దానిపై శత్రువు చూపు పడినప్పుడెల్ల సినిమాహాలు నిశ్శబ్దమగును. గూఢచారి చిత్రమునకు కావలసిన పెట్టుబడి యిదియే.

మన పూర్వులును ఈ సంగతి నెరుగనివారు కారు. రాజులను చారచక్షువు లనిరి. కౌటిల్యుని యర్థశాస్త్రమున చెప్పబడిన గూఢపురుషులలో విద్యార్థులు, గృహస్థులు, వర్తకులు, తాపసులు, భిక్షుకులు గలరు. మల్లయోధునివలె వీధిలో తొడచరచువా డందు లేడు. చారులొకరి నొకరు ఎరుగరాదనియు, మువ్వురి మాట యేకమైనగాని నమ్మరాదనియు నాతని నియమము. ఎవరిని నమ్మవలెనను ప్రశ్నయే గూఢచర్యమునకు ప్రాణము. ఆ ప్రశ్నను తీసివేసిన మిగులునది మల్లయుద్ధము మాత్రమే.

తెలుగువారి కీ కథలు క్రొత్తవి కావు. కొమ్మూరి సాంబశివరావుగారి డిటెక్టివు యుగంధరునకై, మధుబాబుగారి షాడోకై అద్దెపుస్తకముల దుకాణములయొద్ద కాచుకొనియున్న తరములు మనకు గలవు. వెండితెరపై 1966లో "గూఢచారి 116" వచ్చెను. అంతకు ముందేడు "తేనె మనసులు" చిత్రముతో ప్రవేశించిన ఘట్టమనేని కృష్ణకు జేమ్సుబాండు వేషము కట్టించి, మల్లికార్జునరావు దర్శకత్వమున, సుందర్‌లాల్ నహతా, డూండీలు దానిని నిర్మించిరి. జయలలిత కథానాయిక. అది మొదలు కృష్ణ "ఆంధ్రా జేమ్సుబాండు" అయ్యెను. పిదప కె.ఎస్.ఆర్. దాసు దర్శకత్వమున 1971లో "జేమ్స్‌బాండ్ 777", 1978లో "ఏజెంట్ గోపి", 1981లో "రహస్య గూఢచారి" వచ్చినవి. 1989లో కోడి రామకృష్ణ దర్శకత్వమున "గూఢచారి 117" వచ్చెను. ఇవి యొకే కథకు భాగములు కావు. వీనిని కలిపిన సూత్రము నటుడును వేషమును మాత్రమే. పడమటి చిత్రముల యనుకరణయు నిందు లేకపోలేదు. అయినను ఒకదాని భారమును వేరొకదానిపై మోపలేదు. టిక్కెట్టు కొన్నవాడు మునుపటి యైదు చిత్రములను చూచి రావలసిన పని లేకుండెను. రాబోవు చిత్రమునకు ప్రకటనగా ప్రస్తుత చిత్రమును వాడుకొనుట యప్పటికి మనవారు నేర్చుకొనలేదు.

ఇటీవలి యుదాహరణమును చూపవచ్చును. 2018 ఆగస్టులో శశికిరణ్ తిక్క దర్శకత్వమున, అడివి శేష్ నాయకుడుగ, "గూఢచారి" విడుదలయ్యెను. ఆ పాత్రకు గోపి యను పేరు పెట్టి కృష్ణను స్మరించిరి. హిందీ చిత్రముల వ్యయముతో పోల్చిన దానికైన వ్యయము అత్యల్పము. కాని యొక కుమారుడు, వాని తండ్రినిగూర్చిన యొక ప్రశ్న, ఆ ప్రశ్నకు చివర లభించిన దారుణమైన సమాధానము - ఇవి చాలినవి. ధనము లేమిచే బుద్ధికి పని చెప్పవలసివచ్చెను. "వార్ 2"లో ధనము సమృద్ధిగ నుండుటచే బుద్ధికి సెలవిచ్చిరి.

ఇట్టి పొరపాటు మనవారికే పరిమితము కాదు. 1962లో "డాక్టర్ నో"తో మొదలైన జేమ్సుబాండు చిత్రములలో 2002 నాటి "డై అనదర్ డే" యిరువదవది. అందు కంటికి కనబడని కారును ప్రవేశపెట్టి, ఆడంబరమును పరాకాష్ఠకు తెచ్చిరి. ధనము వచ్చినది గాని గౌరవము తగ్గినది. ఆ నిర్మాతలు అంతకంటె పెద్ద కారును వెదకలేదు. నాలుగేండ్లు ఆగి, 2006లో ఇయన్ ఫ్లెమింగు మొదటి నవలయగు "కాసినో రాయల్"కు మరలిపోయిరి. క్రొత్త నటుని తెచ్చి, పేకాటబల్ల ముందు కూర్చుండబెట్టిరి. ఎదుటివాని కనురెప్ప కదలికను చూచి వాని చేతిలోని ముక్కను ఊహించుట - ఆ చిత్రమున నుత్కంఠ యంతయు నదియే. పడిన చిత్రమాల మరల లేచినది. మార్గము తెలియనిది కాదు; నడచుటకు వినయము కావలెను.

ఇదంతయు వినోదమును గూర్చిన మాటయే గదా, యింత విచార మేల యని కొంద రనవచ్చును. నష్ట మెవరిపై పడునో చూచిన నిది తేలిక విషయము కాదని తెలియును. ముందు చిత్రము జయించినదను నమ్మకముతోనే తరువాతి చిత్రపు హక్కులను ఎక్కువ ధరకు అమ్ముదురు. కొన్నవాడు చిత్రమును చూచి కొనడు. పేరును, నటుని, వరుస సంఖ్యను చూచి కొనును. ఆ సొమ్మును రాబట్టుటకు జిల్లాలవారీగ పంచిపెట్టును. కనీస హామీ యిచ్చి తీసికొన్న పంపిణీదారుడు, చిత్రము నడిచినను నడువకున్నను ఆ మొత్తము చెల్లింపవలసినదే. కమీషను పద్ధతిపై ఆడించినవానికి నష్టము తక్కువ. హామీ యిచ్చినవానికి గండము. కావున మొదటి మూడునాళ్లలోనే సొమ్ము పిండుకొనవలెనని యందరును తొందరపడుదురు. నాలుగవ నాటికి నిజము ఊరంతయు తెలియును గదా!

ఇక చివర చెల్లించువాడు ప్రేక్షకుడు. 2021 డిసెంబరులో తెలంగాణా ప్రభుత్వము మల్టీప్లెక్సులలో టిక్కెట్టుకు గరిష్ఠధర 250 రూపాయలు, పన్ను వేరు, అని నిర్ణయించెను. నూటికి 18 చొప్పున పన్ను చేర్చిన 295 రూపాయలగును. నాచారపు యంత్రశాలలో పనిచేయు నొక కార్మికుడు భార్యాబిడ్డలతో నలుగురుగ పోయిన 1,180 రూపాయలు టిక్కెట్లకే చెల్లును. మెట్రో రైలు ఖర్చును, విరామమున బిడ్డలడుగు తినుబండారముల ఖర్చును దీనికి చేర్చుకొనవలెను. అంత సొమ్ము పెట్టువాడు దానము చేయుట లేదు. "ముందు చిత్రము నీకు నచ్చినది, ఇదియు నచ్చును" అను మాటను నమ్మి యిచ్చుచున్నాడు. చిత్రము పేరు ప్రక్కన వేయు "2" అను అంకె యలంకారము కాదు. అది వ్రాసియిచ్చిన పత్రము వంటిది. పత్రమును చెల్లింపనివానికి బజారులో పరపతి యుండదు.

ఇంకొక మాట చెప్పక తప్పదు. ఇట్టి చిత్రములను స్వాతంత్ర్యదినము, గాంధీజయంతి, గణతంత్రదినములకు దగ్గరగ విడుదల చేయుట వాడుకయైనది. దేశమే ప్రధానమను మాటను పాత్రలు పలుమారు పలుకును. పలుకవచ్చును, ఆ మాటలో తప్పులేదు. కాని కథలోని బలహీనతను కప్పుటకు జెండాను దుప్పటిగ వాడరాదు. చిత్రము బాగులేదన్నవాడు దేశభక్తి లేనివాడు కాడు. 1968లో మన విదేశ గూఢచర్య సంస్థ యేర్పడినది మొదలు దానిలో పనిచేసినవారిలో పెక్కుర పేర్లు మన కెవ్వరికిని తెలియవు, తెలియరాదు. పేరు లేక, పతకము చూపుకొనక, కొన్నియెడల ఇంటివారికి నిజము చెప్పుటకైన వీలులేక వారు చేయు సేవకు మనమిచ్చు గౌరవము, వారి యేకాంతమును, సంశయమును, భయమును సత్యముగ చిత్రించుటయే. వారిని అద్దాల మేడపైనుండి దుముకు బొమ్మలుగ చేయుట గౌరవము కానేరదు.

తెలుగు ప్రేక్షకుని విషయమున మరియొక సూచన. విక్రమ్ పాత్రకు చలపతి యను పేరును జోడించిరి. మనకు పరిచితమైన పేరు వినబడినంత మాత్రమున చిత్రము మనది కాదు. ఆ మనిషి యే వీధిలో పెరిగినాడో, ఏ భాషలో కలగన్నాడో, ఎవరిని విడిచి వచ్చినాడో తెలిసినప్పుడే యాతడు మనవాడగును. తెలుగు నటుని పిలిచినది తెలుగు టిక్కెట్ల కొరకే యను భావము మనవారికి కలుగకుండ చూచుకొనుట ముంబయి నిర్మాతలకే మేలు.

మన "గూఢచారి"కి రెండవ భాగము ప్రకటింపబడినదని పాఠకు లెరుగుదురు. దానిని నిర్మించువారికిని, ఇకపై అట్టి చిత్రములు తీయువారికిని మా మనవి యొక్కటే. మొదటి చిత్రము గెలిచినది చిన్నదగుటచే కాదు, రహస్యమును కాపాడుటచే. రెండవదానికి ధనము పెరుగవచ్చును, దేశములు పెరుగవచ్చును, నటులు పెరుగవచ్చును. వానితోపాటు రహస్యమును కూడ పెంచవలెను. కెమేరా త్రిప్పుటకు ముందు, ప్రేక్షకునకు మాత్రము తెలిసి శత్రువునకు తెలియనిది ఈ కథలో నేమున్నదని ప్రశ్నించుకొనవలెను. దానికి సమాధానము దొరకనిచో విమానములను అద్దెకు తేవలసిన పని లేదు.

ప్రేక్షకుడు మిక్కిలి యోర్పుగలవాడు. ఒకసారి మోసపోయినను మరల టిక్కెట్టు కొనును. కాని వాడు నడచిన ప్రతి యడుగును లెక్కపెట్టుకొనుచునే యుండును. వాని చేతిలోని జపమాలలో పూస లెన్ని మిగిలినవో చూచుకొనవలసిన బాధ్యత చిత్రములు తీయువారిది.